సొంత ఊరిని సొంత సైన్యమే కాల్చినప్పుడు

ఏటా జులై నాలుగున మా ఊరి పార్కులో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా పైకి చదువుతారు. అందరికీ నోటికొచ్చిన మొదటి పేరాలు అయిపోయాక బ్రిటన్ రాజు మీద ఫిర్యాదుల జాబితా మొదలవుతుంది. అక్కడికి వచ్చేసరికి జనం మెల్లగా ఐస్‌క్రీమ్ బండి వైపు కదులుతారు. పోయినసారి నేను కదలకుండా విన్నాను. రాజు మా సముద్రాలను కొల్లగొట్టాడు, మా తీరాలను పాడుచేశాడు, మా ఊళ్ళు తగలబెట్టాడు, మా జనం ప్రాణాలు తీశాడు అని అందులో ఒక వాక్యం ఉంది. ఊళ్ళు తగలబెట్టాడు అన్న ముక్క దగ్గర నా మనసు ఆగిపోయింది.

ఆ ఊళ్ళు ఏవంటే, 1775 జూన్ 17న బంకర్ హిల్ యుద్ధం జరిగిన రోజు బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్. అదే ఏడు అక్టోబర్ 18న ఫాల్మత్, అంటే ఈనాటి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్. 1776 జనవరి 1న వర్జీనియాలోని నార్‌ఫోక్. మొదటి రెండింటి మీద నాకు పేచీ లేదు. ఫాల్మత్‌లో బ్రిటిష్ నౌకాదళపు కెప్టెన్ హెన్రీ మొవాట్ ముందురోజు హెచ్చరిక పంపి, మర్నాడు పొద్దున ఓడల మీద నుంచి ఫిరంగులు పేల్చి, మిగిలినవాటికి నిప్పు పెట్టడానికి మనుషుల్ని ఒడ్డుకు దింపాడు. నాలుగు వందలకు పైగా కట్టడాలు పోయాయి. అందులో అనుమానాలకు తావు లేదు.

నా పేచీ అంతా నార్‌ఫోక్‌తోనే. అక్కడ కాలిన ప్రతి నూరు కట్టడాల్లో దాదాపు 96 రాజు సైన్యం కాల్చినవి కావు. రాజు మీద తిరగబడ్డ వర్జీనియా, నార్త్ కరోలినా విప్లవ సైనికులు కాల్చినవి. ఇది రాజు మనుషులు అల్లిన కథ కాదు. వర్జీనియా విప్లవ ప్రభుత్వమే 1777లో కమిషనర్లను వేసి, సాక్షుల చేత ప్రమాణం చేయించి తేల్చుకున్న లెక్క.

నేను అనుకుంటున్నదేమిటో ముందే చెప్పేస్తాను. నార్‌ఫోక్‌ను కాల్చడం తప్పా ఒప్పా అన్నది ఇప్పటికీ వాదించుకోదగ్గ విషయమే. కాల్చింది మేం కాదన్నట్టు లోకానికి చెప్పుకోవడం మాత్రం తప్పే, ఆ పోరాటం ఎంత న్యాయమైనదైనా సరే. ఇన్నేళ్ళ తర్వాత కూడా బ్రిటిష్ వాళ్ళు నార్‌ఫోక్‌ను తగలబెట్టారు అని ఒక్క ముక్కలో పిల్లలకు చెప్పి ఊరుకోవడం ఆ తప్పును పొడిగించడమే.

కారణం రాసిన లెక్క

కమిషనర్లు తేల్చింది ఇది. మొత్తం పోయిన కట్టడాలు 1,333. జనవరి 1 దాడిలో బ్రిటిష్ వాళ్ళు నాశనం చేసినవి 19. అంతకు ముందు రాజు తరఫున వర్జీనియాను ఏలిన గవర్నర్ లార్డ్ డన్‌మోర్ మనుషులు పాడుచేసినవి కూడా కలిపితే మొత్తం 54. జనవరి 15 లోపు విప్లవ సైనికులు కాల్చినవి 863. ఫిబ్రవరిలో వర్జీనియా కన్వెన్షన్, అంటే అక్కడి విప్లవకారుల ప్రతినిధుల సభ, ఆదేశం మీద కాల్చినవి 416.

మా నాన్న రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఈ అంకెలు చూపించాను. ఆయన సర్వీసులో ఎండాకాలం అంటే గుడిసెలు కాలడమే. మధ్యాహ్నం నిప్పంటుకుంటే సాయంత్రానికి వీధికి వీధి పోయేది, మర్నాడు ఈయన కాగితాలు పట్టుకుని వెళ్ళేవారు. ఎవరి ఇల్లు, పూర్తిగా కాలిందా, పాక్షికంగా కాలిందా, లోపల ధాన్యం ఎంత, గొడ్లు ఎన్ని. అందుకని ఆయన నార్‌ఫోక్ అంకెల్ని నాలా చరిత్రగా చూడలేదు, ఆఫీసు కాగితంగా చూశారు. చాలాసేపు చూసి, "ఎవరు కాల్చారో కూడా రాశారే! మేమెప్పుడూ అది రాయలేదురా. నష్టం ఎంతో రాయడం వరకే మా పని. ఎవరు అన్నది రాస్తే ఊళ్ళో ఇంకో గొడవ" అన్నారు.

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అది. నష్టం ఎంతో తేల్చడం ఏ ప్రభుత్వమైనా చేస్తుంది. నష్టం ఎవరి చేతుల మీదుగా జరిగిందో, అదీ తన సొంత సైనికుల పేరు మీద, తేదీల వారీగా విడదీసి రాయించడం మామూలు విషయం కాదు. ఆ కమిషనర్లంటే నాకు గౌరవం. యుద్ధం ఇంకా సాగుతోంది, ఎవరు గెలుస్తారో తెలియదు, ఇలాంటి లెక్క శత్రువు చేతికి చిక్కితే ఏం జరుగుతుందో వాళ్ళకు తెలియనిది కాదు. అయినా రాశారు. బాధ ఎక్కడంటే, ఆ నివేదిక అచ్చులో జనం ముందుకు వచ్చింది 1836లో. అప్పటికి ఆ ఊళ్ళో పుట్టిన రెండు తరాలు డన్‌మోర్ తగలబెట్టాడనే వింటూ పెరిగాయి.

గ్రేట్ బ్రిడ్జి దగ్గర మా బావగారు

మా అక్కావాళ్ళ ఇల్లు వర్జీనియాలోని చీసాపీక్ ఊళ్ళో, గ్రేట్ బ్రిడ్జికి దగ్గరే. 1775 డిసెంబర్ 9న డన్‌మోర్ పంపిన సైనికులు ఇరుకైన గట్టుదారి మీద దాడికి వచ్చి, విప్లవ పక్షపు కల్నల్ విలియం వుడ్‌ఫర్డ్ మనుషుల తుపాకుల ముందు కుప్పకూలిన చోటు అది. ఆ దాడిని ముందుండి నడిపిన బ్రిటిష్ కెప్టెన్ చార్ల్స్ ఫోర్డైస్ అక్కడే చనిపోయాడు. అరగంట కూడా పట్టని ఆ పోరాటంతో నార్‌ఫోక్ డన్‌మోర్ చేయి జారింది. ఆయన ఓడలెక్కాడు. రాజు పక్షాన ఉన్న వర్తకులు పిల్లాపాపలతో ఓడలెక్కారు. ఆ వారంలోనే వుడ్‌ఫర్డ్ దళమూ, నార్త్ కరోలినా నుంచి వచ్చిన కల్నల్ రాబర్ట్ హోవ్ దళమూ ఊళ్ళోకి దిగాయి. పెత్తనం హోవ్ చేతికి వచ్చింది.

బావగారికి ఈ చరిత్రంటే ప్రాణం. ఆదివారం పొద్దున వాకింగ్‌కు కూడా ఆ యుద్ధం జరిగిన పార్కుకే వెళతారు. నేను 863 సంగతి ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది. "ఏమోయ్, ముందు ఫిరంగి పేల్చింది ఎవరు? అది చెప్పు. ఊరి మీదికి నూరు ఫిరంగులు తిప్పినవాడిని వదిలేసి, ఆ మంటలో కర్ర ఎగదోసినవాణ్ణి పట్టుకుంటావా?"

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. జనవరి 1 మధ్యాహ్నం మూడు దాటాక లివర్‌పూల్, ఆటర్, కింగ్‌ఫిషర్, డన్‌మోర్ అనే ఓడల మీద నుంచి కాల్పులు మొదలయ్యాయి. రాత్రి దాకా సాగాయి. ఆ కాల్పుల మాటున నావికులు దిగి రేవు వెంట ఉన్న గిడ్డంగులకు నిప్పు పెట్టారు. ఆ గిడ్డంగుల చాటు నుంచే విప్లవ సైనికులు ఓడల మీద ఉన్నవాళ్ళను గురిచూసి కాలుస్తున్నారు కాబట్టి అవి ఉండకూడదనేది వాళ్ళ ఉద్దేశం. ఓడల్లో తిండి లేదు, ఒడ్డు నుంచి సరుకులు రానివ్వడం లేదు, రోజూ రేవు ఒడ్డున తుపాకులతో కవాతు. ఇరుపక్షాలా టెన్షన్ వారం పైగా పెరుగుతూ వచ్చింది. అయినా ఒక ఊరి మీద ఫిరంగులు పేల్చడానికి అవేవీ సమర్థన కావు. 54 అంటే సున్నా కాదు. డన్‌మోర్‌ను నిర్దోషిగా నిలబెట్టడానికి నేను ఇది రాయడం లేదు.

కాని బావగారి మాటలో ఒక లొసుగు ఉంది. మంటలో కర్ర ఎగదోయడం వేరు, అంటుకోని వీధుల్లోకి కాగడాలు పట్టుకెళ్ళడం వేరు. నార్‌ఫోక్‌లో జరిగింది రెండోది. సాక్షులు చెప్పినదాన్ని బట్టి సైనికులు రేవుకు దూరంగా ఉన్న ఇళ్ళలోకి వెళ్ళారు, సామాన్లు బయటికి లాగారు, రమ్ము పీపాలు పగలగొట్టారు, ఆ తర్వాత నిప్పు పెట్టారు. ఇలా దాదాపు మూడు రోజులు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అని మన సామెత. ఇక్కడ నిప్పు అడగడంతో ఆగలేదు, పక్కిల్లు కూడా కాల్చి వెలిగించుకున్నారు.

హోవ్ ఆ రాత్రే వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్‌కు ఉత్తరం రాశాడు. శత్రువులు రేవు దగ్గర నిప్పు పెట్టారనీ, ఆపడానికి మనవాళ్ళు చేతనైనంత చేశారనీ, కొయ్య ఇళ్ళు కావడంతో మంట మహా వేగంగా పాకిందనీ, ఒకటి రెండు రోజుల్లో ఊరంతా పోవడం ఖాయమనీ. ఊరు పోతుందని అంత గట్టిగా ముందే చెప్పగలిగిన సేనాధిపతి, పోకుండా ఆపడానికి తన కింద ఉన్న అన్ని వందల మందిని ఎందుకు వాడలేదు? ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. ఆ ఉత్తరమే పత్రికలకు ఎక్కింది, కాలనీలన్నిటికీ పాకింది.

ఎందుకంత కసి

నార్‌ఫోక్ అప్పట్లో వర్జీనియాలోకెల్లా పెద్ద ఊరు. దాదాపు ఆరు వేల జనం. వర్జీనియాలో మిగతా అంతా పొగాకు తోటలు, నదుల వెంట దొరల ఇళ్ళు. నార్‌ఫోక్ మాత్రం రేవు, గోదాములు, ఓడలు కట్టే యార్డులు, వెస్టిండీస్‌కు ధాన్యం, కలప, పందిమాంసం పంపి రమ్ము, చక్కెర తెచ్చుకునే బేరం. ఆ బేరంలో స్కాట్లండ్ వర్తకులు ఎక్కువ. పొగాకు దొరలు ఆ స్కాట్ వర్తకుల కంపెనీలకు పీకల్లోతు బాకీ. బాకీ ఉన్నవాడికి షావుకారి ఊరి మీద ఎలాంటి ప్రేమ ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

1775 సెప్టెంబర్ 30న డన్‌మోర్ పంపిన సైనికులు పట్టపగలు ఒడ్డుకు దిగి, జాన్ హంటర్ హోల్ట్ నడిపే పత్రిక అచ్చుయంత్రాన్ని ఓడలోకి ఎత్తుకుపోయారు. ఊరి జనం చూస్తూ నిలబడ్డారని వర్జీనియా అంతటా పాకిపోయింది. సరిగ్గా నెల తర్వాత, అక్టోబర్ 31న, ఫిలడెల్ఫియాలో ఉన్న థామస్ జెఫర్సన్ తన స్నేహితుడు జాన్ పేజ్‌కు రాసిన ఉత్తరంలో, పూర్వం రోమ్‌లో కేటో అనే నాయకుడు శత్రునగరం కార్తేజ్ గురించి పదేపదే అన్న లాటిన్ మాటను తీసుకుని ఊరి పేరు మార్చి పెట్టాడు. నార్‌ఫోక్‌ను నాశనం చేసి తీరాలి అని దాని అర్థం. జనవరి 1కి ఇంకా రెండు నెలలుంది. ఒక్క ఫిరంగి పేలలేదు.

ఆ జెఫర్సనే ఎనిమిది నెలల తర్వాత స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాశాడు. మా ఊళ్ళు తగలబెట్టాడు అన్న ఫిర్యాదు ఆ కలం నుంచి వచ్చిందే. ఆయన్ను సమర్థిస్తూ చెప్పగలిగినదంతా నాకు నేనే చెప్పుకుని చూశాను. ప్రకటనలో నార్‌ఫోక్ పేరు లేదు. చార్ల్స్‌టౌన్, ఫాల్మత్ చాలు ఆ వాక్యం నిజం కావడానికి. కమిషన్ వేసింది 1777లో, ప్రకటన 1776లో, కాబట్టి 863 లెక్క ఆయన ముందు లేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే 416 సంగతి? అది తాగిన సైనికుల పని కాదు, ఆయన సొంత రాష్ట్రపు కన్వెన్షన్ నిర్ణయం. వర్జీనియా రాజకీయాల్లో అంతగా మునిగిన మనిషికి ఆ కబురు అందలేదంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఆ వాక్యం వినే ప్రతి అమెరికన్ మనసులో ఆ ఏడాది మెదిలిన ఊళ్ళలో నార్‌ఫోక్ ఒకటని కూడా ఆయనకు తెలుసు.

ఆ ఊళ్ళ మాటకు ఎంత బలముందో విప్లవ సేనాధిపతి వాషింగ్టన్‌కు బాగా తెలుసు. 1776 జనవరి 31న తన దగ్గర కార్యదర్శిగా పనిచేసిన జోసెఫ్ రీడ్‌కు రాసిన ఉత్తరంలో, ఫాల్మత్‌లో, నార్‌ఫోక్‌లో చూపించినలాంటి మండే వాదనలు ఇంకొన్ని ఉంటే, వాటికి థామస్ పెయిన్ కొత్తగా వేసిన కరపత్రంలోని తర్కం తోడైతే, బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అన్న సందేహం జనానికి ఉండదు అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు, తనకు అందిన వార్తను నమ్మాడు. కాని ఆ మండే వాదనలో అగ్గి ఎవరిదో ఆ వార్తలో లేదు.

సైనిక అవసరం అనే మాట

ఇప్పుడు నాకు ఎదురయ్యే గట్టి వాదన. బావగారిది కాదు, నాదే, రాత్రిళ్ళు నాతో నేను పెట్టుకున్నది. నార్‌ఫోక్‌ను ఉంచితే ఏమయ్యేది? విప్లవకారులకు నౌకాదళం లేదు. లోతైన రేవు, చుట్టూ నీళ్ళు. ఎన్ని వేల మందిని పెట్టినా ఓడల ఫిరంగుల ముందు ఆ ఊరిని నిలబెట్టుకోలేమని హోవ్ అన్నది సైనికంగా సరైన మాటే. బ్రిటిష్ వాళ్ళు మళ్ళీ దిగితే చీసాపీక్ అఖాతం అంతటికీ అది వాళ్ళకు కోట అయ్యేది. దక్కించుకోలేని రేవును శత్రువుకు వదలకుండా పాడుచేసి పోవడం యుద్ధాల్లో కొత్త కాదు. 1812లో రష్యన్లు మాస్కో వదిలిన తర్వాత అది తగలబడితే రష్యాలో దాన్ని త్యాగంగానే చెప్పుకుంటారు.

నేను ఈ వాదనను సగం ఒప్పుకుంటాను. ఆ సగం 416. కన్వెన్షన్ కూర్చుంది, చర్చించింది, ఆదేశం ఇచ్చింది. ఫిబ్రవరి 6న ఆఖరి ఇళ్ళు కాల్చి సైన్యం వెళ్ళిపోయింది. అది కఠినం, కాని దానికి ఒక సంతకం ఉంది. ఎవరు ఎందుకు చేశారని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు ఉన్నారు. 863కి అది లేదు. ఎవరూ ఆదేశించలేదు, ఎవరూ ఆపలేదు, ఎవరి మీదా విచారణ జరగలేదు. సైనిక అవసరం అనే మాటను ఫిబ్రవరి నుంచి వెనక్కి లాగి జనవరి మొదటి వారం మీద కప్పడం నాకు నచ్చదు. దోపిడీ చేసినవాడికి ఆ వీధిలో వ్యూహం కనపడి ఉంటుందా? వాడికి కనపడింది స్కాట్ షావుకారి అల్మారా.

పైగా త్యాగం అనాలంటే, త్యాగం చేశామని చెప్పుకోవాలి. కాల్చింది శత్రువే అంటూనే ఇది మా త్యాగం అనడం కుదరదు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. వర్జీనియా రెండూ ఉంచుకుంది.

లెక్కనే అనుమానిస్తే? అదీ అడగాల్సిందే. కమిషన్ పని నష్టాలు తేల్చడం. ఇల్లు పోయినవాడికి, నా ఇల్లు రాష్ట్ర సైనికులే కాల్చారు అని చెబితే రాష్ట్రాన్ని పరిహారం అడగడానికి దారి ఉంటుంది. డన్‌మోర్ కాల్చాడంటే ఎవర్ని అడుగుతాడు? కాబట్టి సాక్ష్యాలు ఒక వైపు మొగ్గే అవకాశం ఉంది. నాన్న కూడా ఇదే అన్నారు, పరిహారం అనగానే గొడ్లు లేని ఇంట్లో గొడ్లు కాలతాయని. అందుకే ఆ 863 అటూ ఇటూ కావచ్చు. కాని దాన్ని తూచింది రాష్ట్రం వేసిన మనుషులే, వాళ్ళు ఎక్కువ రాస్తే బరువు పడేది రాష్ట్ర ఖజానా మీదే. తగ్గించి రాయడానికే వాళ్ళకు కారణం ఉంది. మనుషుల స్వభావాన్ని ఎంత అనుమానించినా 54కీ 863కీ మధ్య ఉన్న దూరం పూడదు.

చిత్రమేమంటే ఈ నిజం ఆనాడే అచ్చయింది. డన్‌మోర్ ఎత్తుకుపోయిన ఆ అచ్చుయంత్రం మీద ఓడలోనే ఒక గెజెట్ వేసేవాడు. రేవు పక్క ఇళ్ళు మేం కాల్చాం, మిగతా ఊరంతా తిరుగుబాటుదారులే పూర్తిచేశారు అని ఆ జనవరిలోనే అందులో రాయించాడు. ఎవరు నమ్ముతారు? అచ్చుయంత్రం దొంగిలించినవాడి పత్రిక. నమ్మతగని మనిషి నిజం చెబితే ఆ నిజం కూడా అతనితో పాటే పోతుందని నాకు ఇక్కడ అర్థమైంది.

ఓడల్లో ఉన్నవాళ్ళు

ఈ కథలో నన్ను ఎక్కువగా కలిచివేసే మనుషులు ఆ 1,333 కట్టడాల్లో ఒక్కదానికీ యజమానులు కారు. డన్‌మోర్ 1775 నవంబర్ 7 తేదీతో ఒక ప్రకటన చేశాడు. తిరుగుబాటుదారుల బానిసలు ఎవరైనా ఆయుధం పట్టగలిగి, తన సైన్యంలో చేరితే స్వేచ్ఛ. ఆయనకు నల్లవాళ్ళ మీద ప్రేమ లేదు. తన సొంత బానిసల్ని వదల్లేదు, రాజు పక్షం వాళ్ళ బానిసల్ని పిలవలేదు. అదొక యుద్ధ ఎత్తు. అయినా వందల మంది మగవాళ్ళు, వెనకే ఆడవాళ్ళు, పిల్లలు రాత్రిపూట పడవల్లో, చిత్తడి నేలల్లో నడుచుకుంటూ వచ్చారు. వాళ్ళకు నార్‌ఫోక్ ఒడ్డు అంటే స్వేచ్ఛ దొరికే చోటు. గ్రేట్ బ్రిడ్జిలో డన్‌మోర్ పక్షాన వాళ్ళూ ఉన్నారు.

ఊరు పోయాక వాళ్ళకు మిగిలింది ఓడల కిక్కిరిసిన అడుగు అంతస్తులు, ఆ తర్వాత 1776 వేసవికి గ్విన్స్ ఐలాండ్ అనే దీవి. అక్కడ మశూచి పట్టుకుని వందల మంది చనిపోయారు. స్వాతంత్ర్య ప్రకటనలో వాళ్ళ ప్రస్తావన ఉంది. ఊళ్ళు తగలబెట్టాడు అన్న వాక్యానికి కొద్దిగా కిందే, రాజు మాలో మాకు తిరుగుబాట్లు రేపాడు అన్న ఫిర్యాదుగా. నార్‌ఫోక్ ఎవరు కాల్చారో కలిపేసినట్టే, ఈ మనుషులు ఎందుకు పారిపోయారో కూడా ఆ పత్రం కలిపేసింది. ఈ రెండూ ఒకే అలవాటు నుంచి వచ్చాయని నా నమ్మకం: జరిగిన ప్రతి చెడుకూ రాజు దగ్గరే మొదలు చూపించడం.

దీనికి బావగారు, "మరి స్వాతంత్ర్యం వద్దంటావా?" అన్నారు. అస్సలు కాదు. నా పిల్లలు ఈ దేశంలోనే పుట్టారు, ఆ ప్రకటన మొదటి పేరా వాళ్ళకు రావాలని నేనే నేర్పించాను. ఆ పోరాటానికి నార్‌ఫోక్ అబద్ధం అవసరం లేదనే నా మాట. ఫాల్మత్ ఉంది. పన్నులున్నాయి, సైన్యాలున్నాయి. థామస్ పెయిన్ కరపత్రం జనవరి 10న బయటికొచ్చి చేతులు మారుతూనే ఉంది. నార్‌ఫోక్ సంగతి నిజంగా చెప్పి ఉన్నా మే 15న వర్జీనియా కన్వెన్షన్ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానం చేసేదే.

నార్‌ఫోక్ వాళ్ళకు మాత్రం తేడా పడేది. వాళ్ళది పూర్తిగా రాజభక్తుల ఊరు కాదు. కాగితాల మీద బ్రిటన్ పన్ను వేసిన స్టాంపు చట్టం రోజుల్లో, 1766లోనే, దాన్ని ఎదిరించడానికి అక్కడ సన్స్ ఆఫ్ లిబర్టీ సంఘం పెట్టుకున్నారు. అలాంటి వాళ్ళ ఇళ్ళు కూడా ఆ 863లో పోయాయి. మన ఇల్లు మనవాళ్ళే కాల్చారని తెలిసీ, శత్రువు కాల్చాడని నలుగురిలో తలూపాల్సిన స్థితిని ఊహించండి.

గోడలో గుండు

నార్‌ఫోక్ నడిబొడ్డున సెయింట్ పాల్స్ చర్చి ఉంది. 1739లో కట్టింది. పాత ఊరంతటిలో గోడలతో నిలబడి మిగిలింది అదొక్కటే. దాని గోడలో ఇప్పటికీ ఒక ఫిరంగి గుండు కనపడుతుంది. 1776 జనవరి 1న లార్డ్ డన్‌మోర్ పేల్చినది అని దాని కింద రాసి ఉంది. మా మేనకోడల్ని తీసుకెళ్ళి చూపించాను. కాసేపు గుండునీ గోడనీ చూసి, "మామయ్యా, ఈ ఒక్కటేనా? ఊరంతా ఎలా కాలింది మరి?" అంది. ఇనప గుండు గోడకు బొక్క పెడుతుంది కాని ఊరిని కాల్చదని తొమ్మిదేళ్ళ పిల్లకు తెలిసిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు గోడ మీద లేదు.

ఆ రాత మీద నాకు అభ్యంతరం లేదు, అది నిజమే. తీసెయ్యమని ఎవరన్నా నేను అడ్డుపడతాను. దాని పక్కన, అంతే సైజు అక్షరాల్లో ఇంకో పలక ఉండాలంటాను. జనవరి 15 లోపు విప్లవ సైనికుల చేతిలో 863, ఫిబ్రవరిలో కన్వెన్షన్ ఆదేశం మీద 416, వర్జీనియా కమిషనర్లు, 1777. వ్యాఖ్యానం ఏమీ వద్దు. బడి పుస్తకంలోనూ అంతే, ఒక్క వాక్యం పెంచితే చాలు.

అక్కావాళ్ళింట్లో మొన్న భోజనాల దగ్గర మళ్ళీ ఈ చర్చే. బావగారు కొంత దిగొచ్చారు. 416 రాయొచ్చు, అది ప్రభుత్వ నిర్ణయం, దాంట్లో తలదించుకునేదేం లేదు అంటున్నారు. 863 మాత్రం వద్దంటారు, పిల్లలకు ఆ సైనికుల మీద గౌరవం పోతుందట. గ్రేట్ బ్రిడ్జిలో ప్రాణాలకు తెగించి నిలబడ్డవాళ్ళే మూడు వారాల తర్వాత ఆ ఇళ్ళలోకి చొరబడ్డారు, ఇద్దరూ వేరే మనుషులు కారు అన్నాను. 416 ఒక్కటే రాస్తే మళ్ళీ సగం నిజమే అవుతుంది, అదీ చెప్పుకోవడానికి బాగుండే సగం. నాకు ఆ గోడ మీద కావాల్సింది 863.